మా మరిది భుజాల మీది చేతులు

గడ్డిఅన్నారం,
హైదరాబాద్.

అక్కకు,

నీ చెల్లెలు సరళ రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాము. తింటున్నాము, తిరుగుతున్నాము, జ్వరాలు లేవు. నువ్వు, బావ, మీ అత్తమ్మ, పిల్లలు ఎట్లా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? పత్తి ఏరడానికి కూలీలు దొరుకుతున్నారా, లేక మొత్తం నువ్వే వంగి ఏరుతున్నావా? నడుము జాగ్రత్త.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుతావు. నీకు ఫోను చేస్తే బావ స్పీకరు పెడతాడు. నేను చెప్పిన మాట మీ వాకిలి దాటి, కిరాణా కొట్టు దాటి, ఊరంతా తిరిగి వస్తుంది. ఇది అట్లా తిరగవలసిన సంగతి కాదు. అందుకే కుట్టు మిషను మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కోప్పడకు. మనసు కూడా వంకరగానే ఉంది.

ముందు మంచి మాటలు రాస్తాను. వానలు వెనకబట్టాయి. పొద్దున కాస్త చల్లగా ఉంటున్నది. ఇంటికి మార్కెట్ దగ్గర కదా, ముందు కిటికీ తెరిస్తే బత్తాయిల వాసన, వెనుక కిటికీ తెరిస్తే కుళ్లిన బత్తాయిల వాసన. మన నల్గొండ వైపు నుంచి వచ్చిన బత్తాయి లారీ కనిపిస్తే మాత్రం చుట్టం వచ్చినట్లు అనిపిస్తుంది. ఊరు విడిచి రెండేళ్లు కావస్తున్నా ఈ చప్పుళ్లు నాకు అలవాటు కాలేదు. హారన్లు, మైకులు, కింద బోరు మోటారు, పక్కింట్లో మిక్సీ. ఒక్కోసారి అన్నీ కలిసి నా నెత్తిలోనే తిరుగుతున్నట్లు ఉంటుంది. నువ్వు దిగులు పడకు. బాగానే ఉన్నాను.

సమ్మె సంగతి టీవీలో చూస్తూనే ఉంటావు. బస్సులు డిపో గేటు దాటడం లేదు. బడులు లేవు, పిల్లలిద్దరూ రోజంతా వీధిలోనే. ఆయన జీతం ఆగింది కానీ బతుకమ్మకు, దసరాకు నాకు జాకెట్లు బాగానే వచ్చాయి, ఇల్లు గడుస్తున్నది. కండక్టర్ మనిషి కదా, టికెట్లు కొట్టకుండా ఉండలేక మొదట్లో ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. ఇప్పుడు పగలంతా ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చుంటున్నాడు. తెలంగాణ వస్తే అన్నీ బాగవుతాయని ఆయన అంటాడు, నేనూ నమ్ముతున్నాను. పొద్దున పూట మాత్రం ఆయన ఎవరికీ దొరకడు. పొద్దున పూట నరేష్‌ది.

ఇక అసలు సంగతి. నాకు కుళ్లుగా ఉంది అక్కా. పచ్చిగా చెప్పాలంటే కడుపు మండిపోతున్నది. అదీ ఎవరి మీద? సొంత మరిది మీద.

నరేష్ నీకు తెలుసు. మా పెళ్లిలో పూలదండలు బస్సులో మరిచిపోయి దిగినవాడు. మాతోపాటే ఇక్కడికి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్లు అమ్మే కొట్లలో పని చేస్తున్నాడు. కొట్లు అని ఎందుకు రాశానంటే ఏ కొట్టులోనూ నిలవడు. మాటకారి, నవ్వుముఖం, మొదటి నెలలో అందరికీ నచ్చుతాడు. తర్వాత బండి తాళం బండికే వదిలేసి వస్తాడు, ఒకరికి చూపించే ఫోను పట్టుకుని ఇంకొకరి దగ్గరికి పోతాడు, చెప్పిన పని చేయబోయి చెప్పని పని చేస్తాడు. ఈ శ్రావణంలో మళ్లీ పని పోయింది. ఆ రోజు ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. ముప్పై ఏళ్ల మగవాడు అట్లా ఏడిస్తే ఆయన తట్టుకోలేకపోయాడు. ఎవరో చెబితే దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు దానికి ఒక పేరు చెప్పాడు. ఏడీహెచ్‌డీ అట. చిన్నప్పటి నుంచే ఉంటుందట, పెద్దయినా కొందరికి పోదట, అది బద్ధకం కాదు, పొగరు కాదు, మెదడు నడిచే తీరే అట్లా ఉంటుందట. మందు రాసిచ్చి, ఒంటిని నెమ్మదిపరిచే పద్ధతులు నేర్పే ఒక మేడం దగ్గరికి పంపాడు. ఆవిడది తెనాలి వైపు. సన్నగా, తీరిగ్గా మాట్లాడుతుంది. చౌరస్తాలో నినాదాలు ఇచ్చి ఇచ్చి గొంతు పోయిన మా ఆయన ఆవిడ ముందు కూర్చుని “అవునండీ, సరేనండీ” అంటాడు. ఆయన నోట అండీ! పెళ్లయిన ఇన్నేళ్లలో నాతో ఒక్క అండీ కూడా ఖర్చు పెట్టలేదు.

ఆవిడ నేర్పినదే ఇప్పుడు రోజూ పొద్దున డాబా మీద జరుగుతున్నది. నరేష్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెప్పులు విప్పి, పాదాలు రెండూ నేలకు ఆనిస్తాడు. ఆయన వెనుక నిలబడి అరచేతులు రెండూ వాడి భుజాల మీద పెట్టి నెమ్మదిగా బరువు దించుతాడు. పిసకడం కాదు, రుద్దడం కాదు. ఊరికే బరువు. నరేష్ ముక్కుతో గాలి తీసుకుని, వదిలేటప్పుడు తుమ్మెద మాదిరిగా మ్మ్ అంటూ పొడుగ్గా వదులుతాడు. వాడికి తోడుగా ఆయనా మ్మ్ అంటాడు. కింది వాటా ముసలాయన మేము పైన పిండి మర పెట్టామేమోనని అడిగాడు.

“మెల్లగ ఇడువు తమ్మీ. తొందరేం లేదు. నీకు చాలనిపిస్తే చెప్పు, ఆపేస్త.”

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు అక్కా. బస్సులో రోజంతా లోపలికి జరగండి అని అరిచి అరిచి ఇంట్లో కూడా ఆయనది అదే గొంతు. ఉప్పు అడిగినా స్టాపు పేరు పిలిచినట్లే ఉంటుంది. ఆయనకు ఇంకొక గొంతు ఉన్నదని, అది ఇంత మెత్తగా ఉంటుందని, బట్టలు ఆరవేస్తూ తీగ వెనుక నిలబడి తెలుసుకున్నాను. తడి చీర చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నీళ్లన్నీ నా పాదాల మీదే కారాయి.

నాకు కోపం ఎందుకో నువ్వు కూడా అడుగుతావని తెలుసు. తమ్ముడికి బాగులేకపోతే అన్న చూసుకోవద్దా అంటావు. చూసుకోవాలి. నేనూ వాడికి వేడివేడిగా చేసి పెడుతున్నాను, మందు గుర్తు చేస్తున్నాను. కానీ ఇది విను.

ఒకసారి ఆయన టెంటు దగ్గర ఉండిపోతే నరేష్‌కు తోడుగా నేను మేడం దగ్గరికి పోయాను. బస్సులు లేవు కదా, ఆటో దొరికిన దాకా ఎక్కి మిగతా దూరం నడిచాము. ఆవిడ వాడిని ఒకటొకటే అడుగుతున్నది. “ఒక పని మధ్యలో ఇంకో పని గుర్తొచ్చి మొదటిది వదిలేస్తారా? ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ల మాట పూర్తికాకముందే మీకు మాట వచ్చేస్తుందా? చొక్కా కాలరు గుచ్చుకుంటే ఇక రోజంతా దాని మీదే ధ్యాస ఉంటుందా? చప్పుళ్లు ఎక్కువైతే కోపం వస్తుందా, లేక ఏడుపు వస్తుందా?”

వాడు ఆలోచించి ఆలోచించి జవాబు చెబుతున్నాడు. మూలన స్టూలు మీద కూర్చున్న నాకు ఆలోచించే పని లేదు. కోపమూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. అన్నీ నావే అక్కా. ఆవిడ నా జీవితం తీసి వాడికి చదివి వినిపిస్తున్నట్లు ఉంది.

నీకు గుర్తు లేదా? మజ్జిగ తెమ్మంటే చెంబు పట్టుకుని బయలుదేరి, దారిలో ఎవరింట్లోనో దూడ పుట్టిందంటే అక్కడే ఉండిపోయి, చెంబు కూడా లేకుండా ఇంటికి వచ్చేదాన్ని. గాలిపిల్ల అని అమ్మ పేరే పెట్టింది. బడిలో బెంచీ మీద కూర్చున్న దానికంటే బెంచీ మీద నిలబడిందే ఎక్కువ. నువ్వు జడ వేస్తుంటే కదలకుండా ఉండలేక నీ చేత దెబ్బలు తిన్నాను. పెళ్లయ్యాక పాలు పొంగి స్టవ్ ఆరిపోని రోజు లేదు. ఇక్కడ కూడా, తొందరలో రెండూ ఎడమ చేతులే కత్తిరించి జాకెట్టు పాడు చేశాను. మిషను తొక్కుతున్నప్పుడే నా నెత్తి కాస్త కుదురుగా ఉంటుంది. అందుకే ఈ పని పట్టుకున్నానేమో, నాకు తెలియకుండానే.

నరేష్ తాళం పోగొడితే అది మెదడు నడిచే తీరు. నేను పాలు పొంగిస్తే సోయి లేని ఆడది. ఇదెక్కడి న్యాయం?

తిరిగి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మేడంను మెల్లగా అడిగాను, ఆడవాళ్లకు కూడా వస్తుందా అని. ఆవిడ నా ముఖంలోకి చూసింది. “ఎందుకు రాదండీ? ఆడవాళ్లయితే ఎలాగో నెట్టుకొచ్చేస్తారు, అందుకే ఎవరి కంటా పడదు. ఉందో లేదో డాక్టరు గారే చూసి చెప్పాలి. మీరూ ఒకసారి రండి. నేను చేయించేది జబ్బు పోగొట్టేది కాదు, కాస్త ఆసరా, అంతే. తల ఎంత చెప్పినా కుదురుకోనప్పుడు ముందు ఒంటిని కూర్చోబెడతాం. బలవంతం మాత్రం చేయకూడదు.” నరేష్ అప్పటికే మెట్లు దిగిపోయాడు. సరే అని నేనూ దిగిపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అదే రోజు ఆవిడ వాడికి ఇంకొకటి చెప్పింది. కూర్చుని పని చేసేటప్పుడు ఒళ్లో కాస్త బరువైన సంచి పెట్టుకుంటే కొందరికి ఒళ్లు నిమ్మళిస్తుందట. ఇంటికి రాగానే ఆయన నా వైపు చూపించి “గదెంత పని, సరళ కుడ్తది” అన్నాడు. నన్ను అడగలేదు. వాడి సంచి నేనే కుట్టాలి! ఒళ్లు మండింది. అయినా కుట్టాను. పాత జీన్సు ప్యాంటు గుడ్డ తీసుకుని బొంతకు వేసినట్లు గళ్లు గళ్లుగా కుట్టి, ఒక్కో గడిలో చింతగింజలు పోశాను. అన్నీ ఒక మూలకు జారిపోకూడదు కదా. పండుగకు నువ్వు పంపిన చింతపండులో తీసిన గింజలే అవి. వంక పెట్టడానికి వీల్లేకుండా కుట్టాను. కుళ్లు వేరు, పని వేరు.

కుట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూద్దామని ఒళ్లో పెట్టుకున్నాను.

ఎట్లా చెప్పాలి అక్కా? పసిపిల్ల ఒళ్లో పడుకుని నిద్రపోతే కదలబుద్ధి కాదు చూడు, అట్లా అయింది. ఊరికే నేలను తడుతూ ఉండే మడమ ఆగింది. ఎప్పుడూ ఊగుతూ ఉండే నా మోకాలు ఆగింది. బయట ఎవరో టైర్లు కాలుస్తున్నారు, ఈలలు వేస్తున్నారు. చప్పుడంతా నా చెవికి వస్తూనే ఉంది కానీ లోపలికి దూరడం లేదు. ఒక జాకెట్టుకు హుక్కులన్నీ మధ్యలో లేవకుండా కుట్టేశాను. నా బతుకులో అది మొదటిసారి.

ఆ సంచి వాడికి ఇవ్వలేదు.

“వదినా, గా సంచి అయిపోయిందా?” అని నరేష్ అడిగాడు.

“ఇంకా అంచులు మడవాలి. రేపు ఇస్త.”

మర్నాడు దారం రంగు కలవలేదన్నాను. ఆ తర్వాత కరెంటు లేదన్నాను. నాది కాలితో తొక్కే మిషను అని వాడికి తెలియదా? జాకెట్లు ఇచ్చిన వాళ్లందరికీ చెప్పే మాటలే ఇంట్లో వాడికీ చెప్పాను. వాడు “తొందరేం లేదు వదినా” అనేవాడు. వాడు ఎంత మంచిగా అంటే నాకు అంత మండేది. తొందర ఎందుకుంటుంది, వాడి భుజాల మీద రోజూ చేతులు ఉండనే ఉన్నాయి కదా.

బంద్ రోజున దొరికిపోయాను. నేను మిషను పెట్టుకున్న చిన్న కొట్టు షట్టరు సగం దించి లోపల కుట్టుకుంటున్నాను. నరేష్ వంగి లోపలికి వచ్చాడు, చేతిలో నా టిఫిన్ డబ్బా. నేనే ఇంట్లో మరిచి వచ్చాను. వాడి చూపు నేరుగా నా ఒళ్లో పడింది.

“గదేంది వదినా? నా సంచి గదా?”

“ఇంకా కాలేదు.”

“కాకపోతే నీ ఒళ్లెందుకున్నది?” అని నవ్వాడు. “నీకు జాకెట్లు ఇచ్చినోళ్లు ఎట్ల ఓపిక పడ్తున్నరో!”

వాడు నవ్వకపోతే బాగుండేది. నాకు లోపల ఉన్నదంతా బయటికి వచ్చింది. “నవ్వు, నవ్వు. నీకేమైతది? నువ్వు పని పోగొట్టుకుంటే దవాఖాన. నువ్వు మరిచిపోతే మేడం. పొద్దుగాల్నే అన్న చేతులు నీ భుజాల మీద ఉంటయి. నాకెవరున్నరు? నేను గిట్లనే పుట్టిన నరేషా. నన్ను మాత్రం అందరు తిట్టుడే.”

వాడు టిఫిన్ డబ్బా కింద పెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు. “అన్నకు చెప్పినవా?” అని అడిగాడు.

“చెప్తే ఏమంటడో నాకు తెల్వదా?”

“నేను చెప్త. సంచి నీ దగ్గర్నే ఉండనీ వదినా. నేను బియ్యం మూట పెట్టుకుంట.”

చూడు, అక్కడ కూడా మంచివాడు వాడే అయ్యాడు. తిట్టడానికి కూడా నాకు ఏమీ మిగల్చలేదు.

వాడు చెప్పాడు కూడా. డాబా మీద అన్నదమ్ములిద్దరూ ఉండగా మెట్ల మీద నిలబడి విన్నాను. వినకూడదు, కానీ విన్నాను.

“అన్నా, వదినకు గూడ నా లెక్కనే ఉన్నది. నాకు చేసినట్టు ఆమెకు గూడ చెయ్.”

“ఆమెకేమైందిరా? మంచిగనే ఉన్నది. సమ్మెల ఇల్లంత ఆమెనే నడిపిస్తున్నది.”

“నడిపిస్తే మాత్రం? పరేషాన్ అయితలేదా?”

“గట్ల కాదురా. ఆడమనిషి, భార్య. డాబా మీద అందరు చూస్తుంటే ఆమె భుజాల మీద చేతులేసి నిలబడాల్నా? నవ్వుతరు.”

అదీ సంగతి. తమ్ముడి భుజం మీద లోకం ముందర చేయి వేయవచ్చు. పెళ్లాం భుజం మీద వేస్తే లోకం నవ్వుతుంది. ఇంట్లో నాలుగు గోడల మధ్య వేయవచ్చు కదా అంటావా? ఇల్లంతా ఒకటిన్నర గది. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు మెలకువగానే ఉంటారు. మన ఇళ్లలో భార్య మీద ప్రేమ అంటే బజారు నుంచి మల్లెపూలు తెచ్చి మాట్లాడకుండా కిటికీలో పెట్టి పోవడమే. మన నాన్న అట్లాగే చేశాడు, బావ అట్లాగే చేస్తాడు, ఆయనా అంతే. ఇన్నాళ్లూ నాకు అది తక్కువ అనిపించలేదు. నరేష్ భుజాల మీద ఆ చేతులు చూశాకే తక్కువయింది.

ఇంకొక మాట కూడా లోపల గుచ్చుకున్నది. ఇల్లు నడిపిస్తున్నదట. కాబట్టి నాకేమీ లేదట. కూలబడిపోయిన వాడికి చేయి అందిస్తారు, పడుతూ లేస్తూ నడిచేదానికి ఎవరూ అందించరు. నేను కూడా గోడకు ఆనుకుని ఏడిస్తే బాగుండేదేమో. కానీ నాకు ఏడుపు వచ్చినప్పుడల్లా పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుంది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు. మూడో రోజు చౌరస్తాలో వంటావార్పు, ఇంటివాళ్లందరూ రావాలని చెప్పారు.

వంటావార్పు అంటే నువ్వు అక్కడ కూడా చూసి ఉంటావు. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు కూర్చుని తింటారు. ఎల్బీనగర్ చౌరస్తా మొత్తం పెళ్లిపందిరి అయిపోయింది. విజయవాడ రోడ్డు మీద లారీలు ఎక్కడికక్కడ ఆగాయి. ఒకవైపు డప్పులు, ఒకవైపు మైకులో పాటలు, ఇంకోవైపు మైకులో ఉపన్యాసం, పొయ్యిల పొగ, పిల్లల ఈలలు. అందరూ సంతోషంగా ఉన్నారు. నాకూ మొదట సంతోషంగానే ఉంది. డిపో ఆడవాళ్లతో కలిసి నాకు పప్పుచారు గుండిగ అప్పజెప్పారు. ఊళ్లో పెళ్లిళ్లకు చేసిన చేయి కదా, కొంగు బిగించి నిలబడ్డాను.

ఉప్పు వేశాను. ఎవరో పిలిస్తే తిరిగి పలికాను. డప్పులు దగ్గరికి వచ్చాయి. ఉప్పు వేయలేదనుకుని మళ్లీ వేశాను. కరివేపాకు తెమ్మన్నాను, అది నా చేతిలోనే ఉంది. చారు నోట్లో వేసుకున్న ఒక పెద్దావిడ ముఖం ముడుచుకుంది.

“ఏందమ్మా, కండక్టర్ పెండ్లానివి గదా! ఉప్పుకు గూడ రెండు సార్లు టికెట్ కొట్టినవా?”

చుట్టూ ఉన్నవాళ్లందరూ పగలబడి నవ్వారు. చెడ్డగా నవ్వలేదు. నేనే ఇంకొక రోజయితే వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. కానీ ఆ రోజు డప్పులు నా పక్కటెముకల్లోనే మోగుతున్నాయి. మైకులో మాటలు, నవ్వులు, పొగ, ఒంటికి అంటుకున్న చెమట జాకెట్టు, అన్నీ ఒక్కసారే నా మీద పడ్డాయి. గరిటె జారిపోయింది. చెవులు మూసుకుని డివైడరు గట్టు మీద కూలబడ్డాను. ఊపిరి పైపైనే ఆడుతున్నది. ఏడుస్తున్నానని నాకు తెలియను కూడా తెలియలేదు.

టెంటు కింది నుంచి ఆయన లేచి రావడం కనిపించింది. ఇక స్టాపు పేరు పిలిచే గొంతే వస్తుందనుకున్నాను. నలుగురిలో పరువు తీశావంటాడని కళ్లు గట్టిగా మూసుకున్నాను.

ఆయన నా ముందుకు రాలేదు, వెనక్కి పోయాడు. నా భుజాల మీద రెండు అరచేతులు ఆనాయి. నెమ్మదిగా బరువు దిగింది. డిపో మొత్తం చూస్తున్నది అక్కా. డ్రైవర్లు, కండక్టర్లు, వాళ్ల భార్యలు, ఆగిన లారీల క్లీనర్లు, అందరూ చూస్తున్నారు. అయినా ఆయన చేతులు తీయలేదు.

“మెల్లగ ఇడువు,” అన్నాడు. అదే మెత్తని గొంతు. “తొందరేం లేదు. మెల్లగ ఇడువు తమ్మీ.”

అలవాటు కొద్దీ నోట అదే వచ్చేసింది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. పెద్దావిడకు పొలమారింది. ఆయన చెవులు ఎర్రబడి ఉంటాయి, నేను చూడలేదు. నేను ఊపిరి వదిలే పనిలో ఉన్నాను. ఆ చేతులు నేను అనుకున్న దానికంటే బరువుగా ఉన్నాయి. వాటి కింద నా ఒళ్లు మెల్లగా నేలకు దిగింది.

చారులో నీళ్లు పోసి, చింతపండు పిసికి కలిపి సరిచేశారు. అందరూ తిన్నారు. బాగుందని కూడా అన్నారు. ఇంటికి నడిచి వస్తున్నప్పుడు ఆయన “నువ్వు గూడ రా, మేడం కాడికి పోదాం” అని ఒక్క మాట అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. డాక్టరు దగ్గరికి వచ్చే వారం పోతున్నాము. డాక్టరు ఏమంటాడో చూసి నీకు చెబుతాను. భయమేమీ లేదు, నువ్వు కూడా పెట్టుకోకు. పేరు ఉన్నా లేకపోయినా నేను నేనే కదా.

ఈ సంగతి బావకు చెప్పవద్దు. మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తే ఒక సంచీడు చింతగింజలు పంపించు, కడిగి ఎండబెట్టినవి. నరేష్ సంచి వాడికి ఇచ్చేశాను. నాకు ఇంకొకటి కుట్టుకోవాలి, బరువు కాస్త ఎక్కువే ఉండేటట్లు. నీ ఆశీర్వాదం నా మీద ఉండాలి.

నరేష్ కూడా నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. ఇప్పుడు డాబా మీద రెండు కుర్చీలు వేస్తున్నాము. కింది వాటా ముసలాయన, ఎదురింటి వాళ్లు చూస్తారు, చూడనీ. ముందు వాడి వంతు, తర్వాత నా వంతు. నిన్న నా భుజాల మీద చేతులు ఉండగానే వాడు పక్క నుంచి మూతి ముడిచి, “అన్నా, వదినకు నాకన్నా ఎక్కువసేపు చేతులు పెడ్తున్నవ్” అన్నాడు. అబద్ధమెందుకు అక్కా, ఆ మాట విని నాకు పరమాన్నం తిన్నంత హాయిగా ఉంది.

నీ దీవెన కోరే చెల్లెలు,
సరళ